నా వీపు కొలత

మా వదిన మంచి మనిషి. ఈ మాట అందరూ అంటారు, నేనూ అంటాను. ఆవిడ మంచి మనిషి కాబట్టే ఆవిడ మీద కోప్పడే వీలు ఇన్నాళ్ళూ ఎవరికీ దొరకలేదు. ఏం చేసినా మన మేలు కోరే చేస్తుందాయె, ఇంక నోరెత్తేదెలా? ఆవిడ మా ఆయనకి అక్క. స్కూల్లో పిల్లలకి కుట్లు, అల్లికలు నేర్పి నేర్పి మొన్ననే రిటైరైంది. ఆవిడ చేతిలో పడ్డ ఏ వస్తువైనా సరే, వంకర తీరి బయటికి రావలసిందే. గోడ మీద పటం ఓ వెంట్రుకవాసి పక్కకి ఒరిగితే ఆవిడకి ముద్ద దిగదు.

ఇక నా సంగతి. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. నా వెన్నెముక తిన్నగా ఉండదు. ఎదిగే వయసులో ఎందుకో పక్కకి వంగింది. అందువల్ల కుడివైపు వీపు కొంచెం ఉబ్బి ఉంటుంది, ఎడమ భుజం కిందికి దిగి ఉంటుంది. పెద్దగా నొప్పేమీ లేదు, దీనికి చెయ్యాల్సిందేమీ లేదని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. నాకున్న బాధల్లా బట్టలతోనే. షాపులో కొన్నది ఏది తొడిగినా కుడిపక్క అంచు నడుం మీదికి ఎగబాకుతుంది, ఎడమపక్క వేలాడుతుంది, మెడ దగ్గర గుడ్డ ఓ పక్కకి లాగుతుంది. ఎదుట కస్టమరు కూర్చుని ఉంటే, ఓ చేత్తో ఆయనకి అద్దం చూపిస్తూ ఇంకో చేత్తో నా అంచు నేను కిందికి లాక్కుంటూ ఉంటాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో తీసిన ప్రతి ఫొటోలోనూ నేను ఎవరో ఒకరి కుర్చీ వెనకాల ఉంటాను, ఎడమ భుజం మీద శాలువా ఉంటుంది. ఆ శాలువా కప్పేది మా వదిన. ఫొటోగ్రాఫరు రెడీ అనేలోపు గబగబా వచ్చి కప్పి, నా చెంప తట్టి, తన కుర్చీలోకి వెళ్ళిపోతుంది.

రాట్నం నా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెబితే నవ్వుతారు. ఒక ఎగ్జిబిషన్లో ఒకావిడ కూర్చుని ఉన్ని వడుకుతోంది. చేతిలో మబ్బులాంటి ఉన్ని, అందులోంచి పోగు అలా సాగి సాగి పురి ఎక్కి దారమైపోతోంది. నేను మా ఆయన్ని వదిలేసి అక్కడే నిలబడిపోయాను. ఆయన మొత్తం ఎగ్జిబిషన్ చుట్టి వచ్చినా నేను కదల్లేదు. చివరికి పాత రాట్నం ఒకటి వెతికి పట్టుకుని వెనక గదిలో పెట్టుకున్నాను. మొదట్లో నేను వడికిన దారం ఓ చోట తాడంత లావు, ఇంకో చోట ఊదితే తెగేంత సన్నం. దాన్ని చూసి మా ఆయన, "దీంతో గేదెని కట్టెయ్యచ్చు, గాలిపటమూ ఎగరెయ్యచ్చు" అన్నారు. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు, ఇనప తాళ్ళ మనిషి. ఆయనకి నా దారం వేళాకోళంగానే ఉంటుంది మరి.

చెయ్యి కుదిరాక వేళాకోళాలు పోయి ఆర్డర్లు మొదలయ్యాయి. ఇదీ నాకు ఒళ్ళు మండే సంగతి. "ఎలాగూ ఖాళీగానే కూర్చుంటావుగా, మా వాడికో స్వెటరు అల్లిపెట్టు." ఖాళీగానట! ఉన్ని కడిగి, ఆ గొర్రె జిడ్డు వదిలించి, ఆరబెట్టి, ఇనప పళ్ళ దువ్వెనలతో దువ్వి, ఏకులు చుట్టి, వడికి, రెండు పోగులు కలిపి ఎదురు పురి వేసి, లచ్చి చుట్టి, తడిపి, బరువు కట్టి వేలాడదీస్తే అప్పటికి దారం. అల్లడం ఆ తర్వాత మాట. మా ఆయనకి అల్లాను, ఆయన స్నేహితుడికి అల్లాను, వదిన మనవలకి అల్లాను. ఎదిగే పిల్లలు, చలికాలం మారేసరికి పొట్టయిపోయాయి, మళ్ళీ అల్లాను. నాకు నేను ఒక్కటి కూడా అల్లుకోలేదు. ఎవరూ వద్దనలేదు, నిజమే. కావాలా అని కూడా ఎవరూ అడగలేదు.

ఒకరోజు నాకు ఉన్ని ఇచ్చే గొర్రెలాయన ఓ మూట పట్టుకొచ్చి, "ఈ రంగు గొర్రె నా మందలో ఒక్కటే అమ్మా" అన్నాడు. విప్పి చూస్తే చిక్కటి కాఫీ రంగు, అక్కడక్కడా బూడిద రంగు జీర. రంగులో ముంచక్కర్లేదు, ఏమీ చెయ్యక్కర్లేదు. ఆ మూట మీద చెయ్యి వేసి, ఇది నాకు అనుకున్నాను. పైకే అనేశాను కూడా. గొర్రెలాయన, "మరి మీక్కాక ఎవరికి?" అని ఆశ్చర్యపోయాడు.

ఎలా అల్లాలో నాకు షాపులోనే తట్టింది. కళ్ళజోడు బిగించేటప్పుడు నేను రోజూ చేసే పనే అది. ఏ మనిషికీ రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. అందుకని చెవుల మీదికి వచ్చే ఫ్రేము కాడల్లో ఒకదాన్ని వేడి చేసి కాస్త వంచుతాం. అలా వంచిన జోడుని బల్ల మీద పెడితే ఓ పక్కకి ఒరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి పాడైపోయిందనుకుంటారు. తొడుక్కుంటే మాత్రం ముక్కు మీద తిన్నగా కూర్చుంటుంది. స్వెటరు కూడా అంతే కదా అనుకున్నాను. కుడి భుజం ఎత్తుగా, ఎడమ భుజం పల్లంగా అల్లాను. వీపు మీద కుడివైపు వచ్చేసరికి, వరస చివరిదాకా వెళ్ళకుండా మధ్యలోనే వెనక్కి తిరిగి, సగం వరసలు వేశాను. అలా వేస్తే అక్కడ మాత్రం అల్లిక ఎక్కువై, మడమ దగ్గర మేజోడులాగా కొంచెం ఉబ్బుతుంది. ఎన్నిసార్లు విప్పానో, ఎన్నిసార్లు మళ్ళీ వేశానో! అద్దానికి వీపు పెట్టి, మెడ తిప్పి చూసుకుని చూసుకుని నా మెడ పట్టేసింది.

పూర్తయిన రోజు తొడుక్కుని వెనక గదిలో నిలబడ్డాను. చేతులెత్తాను, దించాను, వంగాను, లేచాను. అంచు కదల్లేదు. నడుం చుట్టూ గీత గీసినట్టు తిన్నగా ఉంది. లాక్కోవడానికి చెయ్యి అలవాటుగా వెళ్ళింది, అక్కడ లాగడానికి ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. ఒక బట్ట నా ఒంటిని తప్పు పట్టకుండా ఉండడం అదే మొదటిసారి.

ఆ వచ్చే ఆదివారమే ఫొటో ఉంది. వదిన రిటైరైన సందర్భంగా ఇంటిల్లిపాదీ స్టూడియోకి వెళ్ళి పెద్ద ఫొటో తీయించుకోవాలని ఆవిడ పట్టు. ఈ స్వెటరు వేసుకుని, శాలువా లేకుండా, కుర్చీ వెనకాల కాకుండా నిలబడాలని నేను గట్టిగా అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది? స్వెటరు తడిపి, పిండి, హాల్లో బల్ల మీద తువ్వాలు పరిచి దాని మీద ఆరబెట్టాను.

ఫొటో పనులు చూసుకోవడానికి వదిన రెండ్రోజులు ముందుగా మా ఇంటికి వచ్చింది. అక్క వచ్చిందని మా ఆయన సెలవు పెట్టారు. నాకు సెలవు దొరకలేదు. వాళ్ళిద్దరికీ వంట చేసి పెట్టి నేను షాపుకి వెళ్ళిపోయాను.

సాయంత్రం తలుపు తీస్తూనే వదిన నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. మొహం వెలిగిపోతోంది.

"కళ్ళు మూసుకో. ఊఁ, ఇప్పుడు తెరువు!"

బల్ల మీద నా స్వెటరు ఉంది. తిన్నగా ఉంది. రెండు భుజాలూ ఒకే ఎత్తులో, వీపు పలకలాగా చదునుగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంది.

"పొద్దున్న చూస్తే ఏముంది, ఓ భుజం ఆకాశంలో, ఓ భుజం పాతాళంలో! వీపు మీద బొబ్బ! ఇంత మంచి దారం పెట్టుకుని ఇలా పాడుచేసుకుందేమిటి మా మరదలు, పాపం, లెక్క తప్పినట్టుందే అనుకున్నా. మెడ దగ్గర్నుంచి వీపు సగం దాకా విప్పేసి సరిచేశా. నడుం పడిపోయిందనుకో. చూడు, ఎంత ముచ్చటగా వచ్చిందో!"

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. మూలనున్న చెత్తబుట్టలోకి చూశాను. కూరగాయల తొక్కల మీద కాఫీ రంగు దారం ముక్కలు. ఆవిడకి చిక్కు పడ్డచోటల్లా కత్తిరించి పారేసింది.

"విప్పుతుంటే దారం ఎవరు చుట్టారు?" అన్నాను. అల్లిక అంత గబగబా విప్పాలంటే రెండో మనిషి ఉండాలి, నాకు తెలుసు.

మా ఆయన సోఫాలో ఇటు జరిగి అటు జరిగారు. "అక్క చుట్టమంది."

"మీరు చుట్టారా?"

"ఏం, చుడితే ఏమైంది?"

"వదినకి తెలీదనే అనుకుందాం. నా భుజం సంగతి మీకు తెలీదా? అది తప్పు కాదని, కావాలనే అలా అల్లానని మీకు తట్టలేదా?"

పాపం, ఆయన నిజమే చెప్పారు. "తట్టింది. కానీ తిన్నగా ఉంటే ఫొటోలో అందరిలాగే కనపడతావు కదా అనుకున్నాను."

ఇంతకంటే నన్ను తిట్టినా బాగుండేది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి నేను అందరిలా కనపడాలన్న కోరిక ఉన్నట్టు నాకు తెలీదు. ఎన్నాళ్ళనుంచి ఉందో మరి.

వదినకి ఇదేమీ అర్థం కాలేదు. "తొడుక్కుని చూడవే ముందు! మాట్లాడతావేం!"

తొడుక్కున్నాను. కుడిపక్క అంచు చటుక్కున నడుం మీదికి లేచింది. ఎడమ భుజం మీద గుడ్డ సంచీలా మడత పడింది. స్వెటరు మెడ నా గొంతుకి అడ్డం పడింది. ఆ గొర్రె ఉన్ని, నా చేతి దారం, నేను పడ్డ శ్రమంతా కలిపి మళ్ళీ షాపులో కొన్న స్వెటరైపోయింది.

వదిన రెండడుగులు వెనక్కి వేసి తల పక్కకి వాల్చి చూసింది. "ఊఁ... ఎడమ భుజం కాస్త ఎత్తి పట్టుకో. సరిపోతుంది."

"ఎంతసేపు పట్టుకోమంటారు?"

"ఫొటో తీసేదాకానే. అంతగా అయితే పైన శాలువా ఉండనే ఉందాయె."

నేను వెనక గదిలోకి వెళ్ళి టేపు తెచ్చాను. స్వెటరు తీసి పక్కన పడేశాను. జాకెట్టుతో, ఆవిడకి వీపు పెట్టి నిలబడ్డాను.

"కొలవండి వదినా."

"ఇప్పుడెందుకే?"

"మీరు కుట్లు నేర్పే టీచరు. ఒకరి స్వెటరు విప్పి మళ్ళీ అల్లారు. ఒళ్ళు కొలవకుండా ఎలా అల్లారు? కొలవండి. మెడ దగ్గర్నుంచి నడుం దాకా. ముందు కుడిపక్క."

ఆవిడ కదల్లేదు. మా ఆయన, "ఏమిటిది, అక్కతో..." అంటూ లేవబోయారు. "మీరు కూర్చోండి, దారం చుట్టినప్పుడు కూర్చున్నారుగా" అన్నాను. కూర్చున్నారు.

చివరికి టేపు నా మెడకి తగిలింది. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి. వీపు ఉబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆ వేళ్ళు టేపుని నా ఒంటికి ఆనించకుండా గాల్లో పట్టుకున్నాయి. నాకు అది తెలుస్తోంది.

"ఆనించండి. అంటుకోదు."

ఆనించింది. కుడిపక్క కొలిచింది. ఎడమపక్క కొలిచింది. మళ్ళీ కుడిపక్క కొలిచింది. మూడు వేళ్ళ తేడా ఉంది. ఆ విషయం నాకు కొత్త కాదు, ఆవిడ నోటితో అనాలని ఎదురుచూశాను.

"ఇంత ఉందని నాకు తెలీదే" అంది వదిన, గొంతు తగ్గించి.

"తెలుసు వదినా. తెలీకపోతే శాలువా ప్రతిసారీ సరిగ్గా అక్కడే ఎలా పడుతుంది?"

ఆవిడ టేపు కింద పడేసి ఏడ్చింది. నిజం ఏడుపే, దొంగ ఏడుపు కాదు. తన కడుపున పుట్టినదానిలా చూసుకున్నాననీ, మంచి చేయబోతే చెడు ఎదురైందనీ, తన జీవితంలో ఇంత మాట ఎవరూ అనలేదనీ ఏడ్చింది. ఇక మా ఇంట్లో సంగతి తెలిసిందే, ముందు ఏడ్చినవాళ్ళదే న్యాయం. మా ఆయన అక్కకి మంచినీళ్ళు తెచ్చిచ్చారు. నా వంక చూసి, "పెద్దావిడ చేత కన్నీళ్ళు పెట్టించావు, సంతోషమా?" అన్నారు. నేను చెత్తబుట్ట ముందు చతికిలబడి తొక్కల్లోంచి దారం ముక్కలు ఏరుకుంటున్నాను. నాకు ఎవరూ మంచినీళ్ళు తేలేదు.

ఆదివారం నేను స్టూడియోకి వెళ్ళలేదు. కొత్త చీర కట్టుకో, శాలువా వద్దులే, ముందు వరసలోనే నిలబడు అని మా ఆయన బతిమాలారు. ఆ స్వెటరు వేసుకుంటేనే వస్తాను, అది నేను మళ్ళీ అల్లేదాకా ఆగుతారా అన్నాను. అందరూ బయల్దేరి వచ్చేశారు, స్టూడియోవాడికి చెప్పేశాం, ఒక స్వెటరు కోసం ఇంతమందిని ఆపుతామా అన్నారు. ఆపొద్దు, వెళ్ళమన్నాను. వెళ్ళారు.

మధ్యాహ్నం మా ఆయన తిరిగొచ్చి, చెప్పులు విప్పుతూ, నన్ను ఊరడించడానికి అన్నారు కదా: "ఫొటో బాగానే వచ్చిందిలే, నువ్వేం బెంగపడకు. అందరం దగ్గరగా జరిగాం. ఎక్కడా ఖాళీ కనపడలేదు."

ఆ మనిషి ఈ మాట ప్రేమగానే అన్నారు. అదే నాకు ఎక్కువ మండింది. నేను లేకపోతే ఖాళీ కనపడకుండా జరగడం వీళ్ళకి ఎంత సులువో ఆలోచిస్తూ ఆ పూటంతా కూర్చున్నాను. అల్లిక సూదులు కదులుతూనే ఉన్నాయి.

స్వెటరు మెడ నుంచి వీపు సగం దాకా విప్పేశాను. తెగిన ముక్కల కొసలు విడదీసి, తడిచేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి అరచేతుల మధ్య వేడి పుట్టేలా రుద్దితే ఉన్ని అతుక్కుంటుంది. చేత్తో వడికిన దారానికి ఆ గుణం ఉంది. అన్నీ అతికాయి, మరీ చిన్నవి తప్ప. తగ్గిన మేరకి మూటలో మిగిలిన ఉన్ని దువ్వి మళ్ళీ వడికాను. కొత్త దారంలో బూడిద జీర కాస్త ఎక్కువ పడింది. వీపు మీద, కుడివైపు, సరిగ్గా సగం వరసల చోట అది తెలుస్తుంది. తెలియనీ అనుకున్నాను. ఈసారి స్వెటరుని హాల్లో ఆరబెట్టలేదు, వెనక గదికి తాళం వేసి షాపుకి వెళ్ళాను. సొంతింట్లో తాళం వేసుకున్నానని మా ఆయన రెండు రోజులు మొహం మాడ్చుకున్నారు.

ఆ స్వెటరు తొడుక్కుని నేనొక్కదాన్నే అదే స్టూడియోకి వెళ్ళాను. ఫొటోగ్రాఫరు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టబోతే వద్దన్నాను. నిలబడి, కెమెరాకి వీపు పెట్టాను.

"ఇటు తిరగండమ్మా."

"ఇలాగే తియ్యండి."

"మొహం పడదు కదండీ!"

"మొహం అక్కర్లేదు. ఇదే కావాలి."

అతను తల గోక్కున్నాడు. నడుం వరకా, పూర్తిగానా అని అడిగి లైట్లు సర్దాడు. చివర్లో ఇక ఉండబట్టలేక, "ఎడమ భుజం కొంచెం పైకి..." అన్నాడు.

"అది అక్కడే ఉంటుంది, మీరు తియ్యండి."

తీశాడు. పెద్ద సైజులో వేయించి ఫ్రేము కట్టించాను. హాల్లో వదిన పంపిన కుటుంబం ఫొటో అప్పటికే వేలాడుతోంది. అందులో అందరూ దగ్గర దగ్గరగా ఉన్నారు. మేకు, సుత్తి తెచ్చి మా ఆయన చేతికిచ్చి, దాని పక్కనే కొట్టమన్నాను.

ఆయన నా వీపు ఫొటోని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశారు. అంచు తిన్నగా ఉంది. భుజాలు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"హాల్లోనేనా?" అన్నారు.

"హాల్లోనే."

"వచ్చినవాళ్ళు ఇదెవరని అడిగితే?"

"మా ఆవిడ అని చెప్పండి" అన్నాను.